అద్దానికి పలకచట్రం

మూషికాన్ని వాహనంగా ఎన్నుకొని, ముందద్దమూ దాని చుట్టూ రబ్బరూ అనే చింత లేకుండా లోకాలు తిరిగివచ్చే విఘ్నేశ్వరునికి మొదటి నమస్కారం. నందినీ నెమలినీ గరుత్మంతునీ ఎక్కి తిరిగే మిగిలిన దేవతలందరికీ కలిపి రెండవది. వారిలో ఎవరి వాహనానికీ పైకప్పు లేదు గనుక, లోపలికి నీళ్లు దిగినవని ఏ దేవేరీ అలిగి బస్సెక్కిపోయిన దాఖలా లేదు. మా ఇంటి కథ అటువంటిది కాదు.

స్వస్తి శ్రీ విశ్వావసు నామ సంవత్సరం, గ్రీష్మ ఋతువు, జ్యేష్ఠ బహుళ పంచమి, సోమవారం నాడు, మార్కాపురంలో మా బావ ఇంటి ముంగిట ఒక పార్సిలు దిగినది. విప్పితే, చుట్ట చుట్టుకొన్న పాములాగా నల్లని రబ్బరు. చెన్నైలో పాత కార్ల సామాను అమ్మే దుకాణంవారు పంపినారు. మా బావ దానిని రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకొన్నాడు. పెండ్లినాడు మంగళసూత్రాన్ని కూడా ఆయన అంత భక్తిగా పట్టుకోలేదు. నేను పక్కనే ఉన్నాను గనుక చెప్పగలను.

బావ అంటే మా పెద్దక్క పెనిమిటి. పలకల వ్యాపారి. గనిలో నుండి వచ్చిన రాతిని బిళ్లలుగా చీల్చి, నునుపు పట్టించి, నాలుగు కర్రముక్కల చట్రంలో బిగించి దేశం మీదికి పంపినవాడు. ఇప్పుడు పిల్లలు పలక మీద దిద్దడం మానినందున కార్ఖానా మూసినాడు గాని, చేతులలోని పని పోలేదు. భోజనాల బల్ల మీద అప్పడం కనపడినా దాని అంచు వేలితో తడిమి వంకర చూస్తాడు. నేను తెలుగు పండితుడిగా పని చేసి విశ్రాంతి పొందినవాణ్ణి. వారి వీధిలోనే ఉంటాను గనుక, ఆ ఇంట తలపెట్టే ప్రతి తెలివితక్కువ పనికీ సాక్షిగా నన్ను పిలవడం ఆనవాయితీ.

బావ వయసులో ఉన్నప్పుడు, పలకలు ఎగుమతి చేయడానికి మద్రాసు పోయినవాడు, పలకలు అక్కడ దించి ఒక కారు ఎక్కి వచ్చినాడు. ఇంగ్లీషు సీమ నుండి దిగిన పాత స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. ఎర్రనిది, ఇప్పుడు నమిలి ఉమిసిన తాంబూలం రంగుకు వచ్చినది. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, అందులో కూర్చొన్నాను అనడం కంటె పడుకొన్నాను అనడమే సత్యానికి దగ్గర. మా ప్రాంతపు రోడ్ల మీద అది పోతుంటే గొర్రెలు కూడా కిందికి వంగి చూస్తాయి.

ఆ కారు ముందద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఏండ్లు గడిచి ఎండి, నెర్రెలిచ్చి, వడియం మాదిరి అయినది. ఒక వానాకాలం బావ అక్కను గిద్దలూరులోని చుట్టాలింటికి తీసుకొనిపోయి తిరిగి వస్తుండగా, కంభం దాటీ దాటకముందే వాన పట్టుకొన్నది. అద్దం పైఅంచు నుండి నీళ్లు ధార కట్టి, గురిచూసినట్లు, అక్క ఒళ్లోనే పడినవి. బావ మీద ఒక్క చుక్క పడలేదు. బేస్తవారిపేటలో అక్క కారు ఆపించి, తడిసిన పట్టుచీర పిండుకొని, వెనుక వస్తున్న ఆర్టీసీ బస్సును చెయ్యెత్తి ఆపి ఎక్కేసినది. ఎక్కుతూ ఒక మాట అన్నది.

"లోపలికి సుక్క దిగకుండా చేసిననాడు పిలువు. అందాక నీ కారూ నువ్వూ."

అది మొదలు ఇద్దరూ ఎక్కడికి పోవలసి వచ్చినా ఆమె బస్సులో, ఈయన ఆ బస్సు వెనుక కారులో. పొదిలిలో పెండ్లయినా, ముండ్లమూరు వైపు పరామర్శయినా అంతే. కండక్టర్లకు ఆ సంగతి తెలుసు. "అమ్మా, మీ ఎస్కార్టు ఇంకా రాలేదే, కాసేపు ఆపమంటారా?" అని అక్కను అడిగేవారు. ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకొనేది.

బావ ఊరికే కూర్చోలేదు. ఆ అద్దం అంచులకు ఆయన పూయని పదార్థం లేదు. కొవ్వొత్తి కరగబోసినాడు, గోధుమపిండి ఉడకబెట్టి రాసినాడు, దానిని ఎలుకలు తిన్నవి, తారు పూసినాడు, అది వేసవిలో కరిగి మీటర్ల మీదికి జారి, బండి వేగం ఎంతో నేటికీ తెలియకుండా చేసినది. కొత్త రబ్బరు వేయడమొక్కటే మిగిలినది. వచ్చే శ్రావణంలో గిద్దలూరులో మా బంధువుల పెండ్లి. ఆ పెండ్లికి అక్కను పక్కన కూర్చోబెట్టుకొని పోవాలని బావ పట్టు. ఆ పట్టుదల వెనుక ఏమున్నదో నాకు అప్పటికి పూర్తిగా తెలియదు. కారు పిచ్చి అనుకొన్నాను.

ఒక్కటే భయం. ఆ అద్దం వంటిది మరొకటి దొరకదు. చెన్నై దుకాణంవారే చెప్పినారు: రబ్బరు తయారు చేస్తున్నారు గాని అద్దం లేదు, పగిలితే కారును పూలకుండీగా వాడుకోండి అని.

అద్దం ఊడదీయడానికి బస్టాండు దగ్గర లారీలకూ బస్సులకూ అద్దాలు బిగించే భాయిని పిలిచినాము. నడివయసు మనిషి, తన పనిని గురించి తానే తృప్తిగా మాట్లాడుకొనే స్వభావం. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి నడుము మీద చేతులు పెట్టుకొన్నాడు.

"ఏంది సేట్, ఇది అద్దమా, తల దువ్వుకునేదా? మన చేతి మీద ఓల్వో బస్సు అద్దం నిలబడింది. దీన్ని నేను బీడీ తాగతా వేస్తా."

"బీడీ తర్వాత తాగుదువు గాని, ముందు పగలకుండా తియ్యి నాయనా," అన్నాడు బావ.

"పగలడమా? అరె, నా జిందగీలో మూడే పగిలినయ్."

ఆ మాటతో బావ అద్దానికి అడ్డంగా వచ్చి నిలబడినాడు.

నిజం చెప్పాలంటే తీయడం సులువుగానే జరిగినది. పాత రబ్బరును కత్తితో కోసి పారవేసి, లోపలి నుండి అరచేతులతో నెట్టగా అద్దం తాపీగా చేతిలోకి వచ్చినది. అప్పుడు బావ చేసిన పని మార్కాపురంవాడు తప్ప మరొకడు చేయడు. అద్దాన్ని ఎడమచేతి వేళ్ల మీద నిలిపి, కుడిచేతి వేలి కణుపుతో టంగుమని కొట్టి, చెవి ఒగ్గినాడు. పలకలో కంటికి కనపడని నెర్రె ఉంటే శబ్దం మూగగా వస్తుంది. అట్లా కొట్టి చూడనిదే ఆయన జీవితంలో ఏ పలకనూ చట్రంలోకి ఎక్కించలేదు. భాయి మాత్రం తలపట్టుకొని కింద కూలబడినాడు.

"యా అల్లా! సేట్, దాన్నెందుకు కొడతారు? అదేం తప్పు చేసింది?"

"మోగింది భాయీ. గట్టిగుంది," అన్నాడు బావ ఆనందంగా.

ఆ అద్దాన్ని ఇంటిలోకి తెచ్చి, బావ మంచం మీద, పరుపు మీద, దుప్పటి కప్పి పడుకోబెట్టినారు. బావ నేల మీద చాప వేసుకొన్నాడు. అక్క ఆ గదిలోకి తొంగిచూసి, "నాకు జొరమొచ్చినప్పుడు కూడా ఇంత సేవ చెయ్యలేదురా ఈయన," అన్నది నాతో.

ఆ శుక్రవారం అద్దం బిగించాలని నిర్ణయం. ముహూర్తం చూడమని బావ నన్ను అడిగినాడు. గర్భాధానం మొదలు గోపురశిఖరం దాకా అన్నింటికీ ముహూర్తాలున్నవి గాని రబ్బరుకు మన పెద్దలు ఏదీ విధించలేదని మనవి చేసినాను. "అయితే ఏదో ఒకటి చెప్పు, నీ చదువెందుకు మరి?" అన్నాడు. పదిగంటల తరువాత మంచిదన్నాను. నాకు ఫలహారం అయ్యే సమయం అది.

భాయి వచ్చి, రబ్బరును అద్దం చుట్టూ ఒక్క తీగగా తిప్పి కొలచి చూసినాడు. "ఒకే ముక్క సేట్. చుట్టూ తిప్పి ఒక్కచోట అతికిస్తాం. అట్లనే చేస్తాం మేము." అంతలో జుమ్మా నమాజుకు వేళ కావడంతో, వచ్చి మిగతాది చూస్తానని పోయినాడు.

అతడు పోగానే బావ ఆ రబ్బరును చూస్తూ నిలబడినాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

"బావమరిదీ, మూలల్లో చూడు. ఎట్ల వంకర తిరిగి ఉబ్బిందో. ఏమన్నా పద్ధతిగా ఉండాదా? నేను ఇట్లాంటి చట్రం వేసింటే కొన్నోడు మొగాన కొట్టేవాడు."

"అది రబ్బరు గదా బావా, కర్ర కాదు."

"మూల మూలే. రబ్బరుకైనా కర్రకైనా."

కార్ఖానా గదిలో నుండి ఏటవాలు కోతకు వాడే పాత కొలబద్ద తెచ్చినాడు. సన్నని రంపంతో రబ్బరును నాలుగు ముక్కలు చేసినాడు: పైదొకటి, కిందదొకటి, పక్కలవి రెండు. ప్రతి కొననూ ఏటవాలుగా, వెంట్రుక సందు లేకుండా కోసినాడు. ఆ కోత ఎంత అందంగా ఉన్నదంటే, అది ఎంత అవివేకమో నాకు కూడా కాసేపు తోచలేదు. నాలుగు మూలలా సైకిలు ట్యూబుకు వేసే సొల్యూషను పూసి అతికించి, అద్దానికి తొడిగి, దూరంగా నిలబడి చూసినాడు. అచ్చంగా పలక. దాని మీద ఓనమాలు రాయడమే తక్కువ.

భాయి నమాజు నుండి తిరిగివచ్చి, నాలుగు మూలలనూ బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కి చూసినాడు.

"సేట్, ఏంది ఇది?"

"చట్రం."

"ఒక్క ముక్కగా వేస్తామంటి గదా సేట్!"

"మీ లారీలకు వేస్కో. ఇది లారీనా?"

భాయి నా వంక చూసినాడు. నేను ఆకాశం వంక చూసినాను. బిర్యానీ తిని వచ్చిన మనిషికి వాదించే ఓపిక ఉండదు. "మీ కారు, మీ మర్జీ," అని పనిలోకి దిగినాడు. ఆ నాలుగు ముక్కల చట్రంతోనే అద్దం ఎట్లాగో కూర్చొన్నది.

పరీక్ష చేసే హక్కు అక్కది. మా వీధికి కుళాయి నీళ్లు రోజూ రావు. వచ్చిన నాడు పట్టుకొన్న బిందెలు ఆమెకు ప్రాణాలు. అటువంటి బిందె ఒకటి తెచ్చి, చెంబుతో ముంచి అద్దం పైఅంచున పోసినది. నాలుగు మూలల నుండీ నాలుగు ధారలు, తూకం వేసినట్లు సమానంగా, లోపలికి దిగినవి.

"ఇంతకుముందు ఒక్కచోటనే కారేది," అన్నది అక్క చెంబు కింద పెట్టి. "ఇప్పుడు నాలుగు దిక్కులకూ న్యాయం చేసినావు."

భాయి నవ్వు ఆపుకోలేక తుండుగుడ్డ నోట్లో కుక్కుకొన్నాడు. నేను కూడా నవ్వినాను. బావ నవ్వలేదు. కారు తలుపు తెరచుకొని, ఆ తడి సీటులోనే కూర్చొన్నాడు. భాయి పోయినాడు, అక్క లోపలికి పోయినది, ఆయన లేవలేదు. పక్కసీటులో నేను పడుకొన్నాను. ఆ కారులో అది తప్ప గతి లేదని ముందే మనవి చేసినాను.

"ఇంకో రబ్బరు తెప్పిద్దాం లే బావా."

"శ్రావణం దాటిందాకా రాదంట. ఫోన్ చేసినా." కొంతసేపు స్టీరింగును తుడిచినాడు. "నీకు తెల్దు. బస్సు ఎనకాల పోతా ఉంటే మీ అక్క తలకాయ ఒక్కటే కనపడతాది. కొప్పు, దాంట్లో పూలు. పక్కన ఎవరో కూచోనుంటారు. ఆమె వాళ్లతో మాట్లాడతా ఉంటాది. నవ్వతా ఉంటాది. ఏం మాట్లాడతాందో నాకు తెల్దు. నేను పొగ పీల్చుకుంటా ఎనకాల. ఇన్నేండ్లూ ఆమె నవ్వు నేను ఎనకనించే చూసినా."

భుజం మీది కండువా తీసి, మీటర్ల మీది తడి తుడవసాగినాను.

మరునాడు భాయి తనంతట తానే వచ్చినాడు. చేతిలో పాత రబ్బరు ముక్క. దానిని తన దుకాణంలోని చుట్టలన్నింటి పక్కనా పెట్టి చూసినాడట. ట్రాక్టరు క్యాబిను అద్దానికి మీటరు లెక్కన అమ్మే రబ్బరు ఒకటి, గాడి మందమూ లోతూ ఇంచుమించు దీని వంటిదేనని తేలినది.

"ట్రాక్టరుదా?" అన్నాడు బావ, తన సీమదొరకు గోచీ కట్టమన్నట్లు.

"నీళ్లకు తెలవదు సేట్, అది ట్రాక్టరుదో జెట్‌దో," అన్నాడు భాయి. "కాకపోతే ఒక షరతు. మీరు కొయ్యొద్దు."

ఆ షరతును అమలు చేసే బాధ్యత అక్క పుచ్చుకొన్నది. కార్ఖానా గదికి తాళం వేసి చెవి బొడ్లో దోపుకొన్నది. కత్తెర, చాకు, కూరగాయల కత్తిపీట, చివరికి నా సంచిలోని పోకచెక్కల అడకత్తెర కూడా అంతకుముందే లోపల పెట్టేసినది. "నాదెందుకక్కా?" అంటే, "నువ్వు ఆయన మాటకు తల ఊపే రకం. మూసుకోని ఉండు," అన్నది.

నాలుగు ముక్కల చట్రం ఊడబెరికి, అద్దాన్ని మళ్లీ బయటికి తీసి, కొత్త రబ్బరును మధ్యాహ్నపు ఎండలో మిద్దె మీద పరచి మెత్తబరచినారు. అద్దం చుట్టూ ఒక్క తీగగా తొడిగి, కొంచెం ఎక్కువే ఉంచి, ఆ ఎక్కువను లోపలికి కుక్కినట్లు నెట్టి, కిందిభాగం నడిమిని ఒక్కచోటనే అతికించినాడు భాయి. ఆ ఎక్కువ చూసి బావ పళ్లు కొరుక్కొన్నాడు. చట్రంలో మిగులు ఉండడం ఆయన కులాచారానికే విరుద్ధం. అయినా చేతులు వెనుకకు కట్టుకొని నిలబడినాడు.

తరువాత రబ్బరు బయటి గాడిలో ఒక నైలాను తాడు చుట్టూ కూర్చి, రెండు కొసలూ లోపలికి వేలాడదీసినాడు. అద్దాన్ని బయటి నుండి రంధ్రానికి ఆనించి పట్టుకొంటే, లోపల కూర్చొన్నవాడు ఆ తాడును కొద్దికొద్దిగా లాగుతాడు. తాడు వచ్చినచోటెల్లా రబ్బరు పెదవి ఇనుప అంచును దాటి లోపలికి తిరుగుతుంది. జారడానికి సబ్బునీళ్లు కావాలన్నాడు. సబ్బు వేస్తే ఇనుము తుప్పు పడుతుందని అక్క తన తలంటు కోసం పిసికిన కుంకుడురసం గిన్నెతో తెచ్చి ఇచ్చినది. నురుగు కళ్లలో పడి ముగ్గురమూ ఏడ్చినాము. వీధిలో పోయేవారు ఎవరు పోయినారని అడిగినారు.

భాయి లోపల వెల్లకిలా పడుకొని తాడు లాగుతున్నాడు. బావ కుడివైపు, నేను ఎడమవైపు అరచేతులతో నొక్కుతున్నాము.

"పంతులు సాబ్, నొక్కండి! దీవించడం కాదు, నొక్కండి!"

"నొక్కుతూనే ఉన్నాను గదయ్యా."

"సేట్, మీరు కొట్టొద్దు. వేలు తియ్యండి. వేలు!"

బావ వేలి కణుపు అలవాటుగా అద్దం మీదికి పోయినది. మళ్లీ సిగ్గుపడి వెనక్కు తీసుకొన్నాడు. పైమూల దగ్గరకు వచ్చేసరికి తాడు బిగిసినది. భాయి గట్టిగా లాగినాడు. అప్పుడు స్పష్టంగా, నలుగురమూ వినేటట్లు, టప్‌మని శబ్దం.

ఎవరమూ కదలలేదు. బావ కళ్లు మూసుకొన్నాడు. భాయి లోపల నుండి, "నాలుగు," అన్నాడు నీరసంగా. అక్క దగ్గరకు వచ్చి అద్దాన్ని ఈ చివర నుండి ఆ చివరకు తడిమి చూసినది. అద్దం నిక్షేపంగా ఉన్నది.

"అది నా మోకాలు," అన్నాను.

ఆ సభలో నా మోకాలిని గురించి ఒక్కరూ విచారించలేదు. పైగా బావ నన్ను కౌగిలించుకోబోయి, అద్దం గుర్తుకు వచ్చి ఆగినాడు. ఇంకొక్క లాగుతో తాడు మొత్తం భాయి చేతిలోకి వచ్చినది. రబ్బరు చుట్టూ సర్దుకొని కూర్చొన్నది. మూలలు కొంచెం ఉబ్బినవి. బావ అటు చూడకుండా జాగ్రత్తపడినాడు.

మళ్లీ పరీక్ష. ఈసారి అక్క బయట నిలబడి నీళ్లు పోయడానికి ఒప్పుకోలేదు. ముగ్గుడబ్బా తెచ్చి, అద్దం లోపలి అంచు వెంట పొడి ముగ్గుగీత ఒకటి తీసినది. చుక్క దిగితే గీత చెబుతుందని. ఆ గీతను కాపలా కాయాలి గనుక తలుపు తెరచి, చీరకుచ్చెళ్లు ఒడిసిపట్టుకొని, ఎడమసీటులో కూర్చొన్నది.

"ఊ, పొయ్యి."

బావ బిందె ఎత్తుకొని నిలబడినాడు. పోయలేదు. అద్దంలో నుండి ఆమెను చూస్తూ ఉండిపోయినాడు. ఆమె గీతనే చూస్తున్నది. ఈయన చూపు ఆమెకు కొంత ఆలస్యంగా తెలిసినది.

"ఏందయ్యా చూస్తావు, ఎప్పుడూ చూడనట్టు? పొయ్యి!"

పోసినాడు. ఒక బిందె పోసి రెండవది పోసినాడు. చాలునన్నా వినక మూడవది ఎత్తినాడు. భాయి వారించబోతే నేనే చెయ్యి పట్టుకొని ఆపినాను. ఇంటిలోని మంచినీళ్లు కూడా అయిపోతున్నవని అక్క లోపల నుండి అరుస్తున్నది గాని, దిగలేదు. ముగ్గుగీత చెదరలేదు.

శ్రీ విశ్వావసు నామ సంవత్సర శ్రావణ శుద్ధ దశమి, సోమవారం ఉదయం అక్కా బావా ఆ కారులో గిద్దలూరు పెండ్లికి బయలుదేరి, మరునాడు మధ్యాహ్నానికి మార్కాపురం తిరిగి వచ్చినారు. దారిలో వాన పడలేదు.